విజిల్ ఎవరి చేతిలో ఉంది?

మన పేటల చరిత్ర – 23వ భాగం



ఈ వారం లంక భూముల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి జరుపుతున్నాను. కారణం ఒక ఫోన్ కాల్.

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు రాత్రి పదకొండింటికి కోనసీమ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పేరూ ఊరూ రాయను. వ్యాయామ విద్య చదివాడు, సర్కారు ఉద్యోగం రాలేదు, ప్రైవేటు స్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తాడు. పండగ రోజుల్లో కబడ్డీ పోటీలకి అంపైర్‌గా వెళ్తాడు. "అన్నా, ఇక నేను విజిల్ పట్టను. ఆ తెల్ల చొక్కా కూడా ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నాడు.

జరిగింది ఇది. ఆట అయిపోడానికి రెండు నిమిషాలు ఉంది. ఒక్క పాయింటు తేడా. కూతకెళ్ళిన కుర్రాడు మూల కాసేవాడి మోకాలిని వేలి కొసతో తాకి గీత దాటి వచ్చేశాడు. తమ్ముడు అక్కడే మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. చూశాడు, చెయ్యెత్తాడు. పాయింటు పోయింది పోటీలు పెట్టిన ఊరి జట్టుకి. జనం తాడు దాటి లోపలికి వచ్చేశారు. మొదటి ప్రశ్న "ఎవడ్రా వీడు?" రెండో ప్రశ్న "ఏ పేటోడు?" మూడో ప్రశ్న రాలేదు. తాకాడా లేదా అని ఆ రోజు అక్కడ ఒక్కరూ అడగలేదు.

పెదవి చిట్లింది, చొక్కా చిరిగింది. పెద్దమనుషులు కలగజేసుకుని సర్దుబాటు చేశారు. సర్దుబాటు అంటే పాయింటు వెనక్కి తీసుకుని, విజిల్ ఇంకొకాయన చేతికిచ్చి, ఆట మళ్ళీ నడిపించడం. తమ్ముడికి రావాల్సిన 800 రూపాయలు ఇవ్వలేదు. అక్కడితో అయిపోయినా బాగుండేది. రెండ్రోజుల తర్వాత వాళ్ళ నాన్నకి కబురొచ్చింది, వచ్చే సార్వాకి ఆ ఎకరం చేను వేరేవాళ్ళకి ఇద్దామనుకుంటున్నామని. చేను వాళ్ళది ఆ ఊళ్ళోనే. కౌలు రైతు ఇంట్లో ఈ కబురంటే ఏంటో డెల్టాలో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మీలో కొందరు అంటారు, అంపైర్లని తిట్టడం, కొట్టడం ప్రపంచమంతా ఉన్నదే, దీనికి కులం ఎందుకు అంటగడతావని. ప్రపంచమంతా ఉంది, నిజమే. ఆ సంగతికీ వస్తాను. ముందు మన గోదారి ఊళ్ళలో తీర్పు చెప్పే పని ఎవరి చేతిలో ఉండేదో చూడండి.

రచ్చబండ మీద కూర్చున్నవాడు తీర్పు చెప్పేవాడు. గట్టు తగువైనా, కాలవ నీళ్ళ వంతైనా, ఆలుమగల గొడవైనా ఆయన మాటే. ఆ బండ దగ్గర మన తాతలు చేతులు కట్టుకుని దూరంగా నిలబడేవాళ్ళు. సాక్ష్యం చెప్పడానికి పిలిచేవాళ్ళు, తీర్పుకి పిలిచేవాళ్ళు కాదు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ రాళ్ళు మోసిన కూలీల్లో మన పేటలవాళ్ళు ఎందరో. నీళ్ళొచ్చాయి, పొలాలు పండాయి, భూమి ఉన్నవాడు ఇంకా పెద్దవాడయ్యాడు, బండ మీద మనుషులు మాత్రం మారలేదు. ఊళ్ళో పెత్తనమంటే ఎకరాల లెక్క ఒక్కటే అనుకోకండి. "ఇది తప్పు, ఇది ఒప్పు" అని పదిమందిలో చెప్పగలగడం అసలు పెత్తనం.

ఇక ఆట. చెడుగుడు మన ఆట కూడా. ఏటి ఇసకలో, కోతలైపోయిన చేలల్లో, వెన్నెల రాత్రుళ్ళు ఆడేవాళ్ళు. కానీ ఊరి కుర్రాళ్ళ చెడుగుడు ఊళ్ళో, పేట కుర్రాళ్ళ చెడుగుడు పేటలో. రెండిటికీ అంపైర్ అవసరం లేదు. తగువొస్తే ఆటలో పెద్దోడు ఒక మాట చెప్పేవాడు, లేకపోతే ఇద్దరు కొట్టుకుని మళ్ళీ ఆడుకునేవాళ్ళు. రెండు జట్లూ ఒకే గీతకి అటూ ఇటూ నిలబడే అవసరం ఎప్పుడొచ్చిందంటే, బడి వచ్చాక.

ఆ బడి మనకెలా వచ్చిందో ఈ శీర్షికలో ముందే రాశాను, పొడిగా గుర్తు చేస్తాను. 1836లో ఇండియాకి వచ్చిన బ్రెదరన్ మిషనరీలు నరసాపురంలో స్థిరపడ్డారు, రాజమండ్రి వైపు లూథరన్లు, 1874లో కాకినాడకి కెనడియన్ బాప్టిస్టులు. వాళ్ళ బళ్ళలో, బోర్డింగుల్లో మన తాతలు అక్షరంతో పాటు డ్రిల్లు కూడా నేర్చుకున్నారు. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. బళ్ళలో వ్యాయామం మాస్టారు అనే ఉద్యోగం, మెడలో విజిల్ అనే వస్తువు ఈ దారుల వెంట వచ్చాయి. సరిగ్గా ఆ కాలంలోనే మహారాష్ట్రలో డెక్కన్ జింఖానా వాళ్ళు కబడ్డీకి రాతపూర్వకంగా నియమాలు కట్టారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమరావతి వ్యాయామ మండలి ప్రదర్శన ఆట ఆడి చూపించింది. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది, 1972లో అమెచ్యూర్ కబడ్డీ ఫెడరేషన్, 1990లో బీజింగ్ ఆసియా క్రీడలు.

నియమం కాగితం మీదికి వచ్చిందంటే, ఆ కాగితం పట్టుకుని తీర్పు చెప్పే మనిషి కావాలి. కబడ్డీకి ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు. ఆరుగురు. ఈ ఆరుగురిలో ఎవరు ఏ ఇంట్లో పుట్టారని పుస్తకంలో ఎక్కడా లేదు. కాగితం మీద రాసిన నియమం మన ప్రజలకి ఎప్పుడూ చుట్టమే అని నేనంటాను. రాయని నియమం దగ్గరే మనం ఓడిపోయాం.

ఇక్కడ పల్వాంకర్ బాలూ గారి సంగతి చెప్పాలి. చర్మకార కులంలో పుట్టిన ఎడమచేతి స్పిన్నర్. పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చూసుకునే పనివాడిగా మొదలై, నెట్స్‌లో దొరలకి బంతులేసి బౌలింగు సానపట్టుకున్నాడు. హిందూ జట్టుకి ఆయన వికెట్లు కావాలి, ఆయన పక్కన కూర్చోడం అక్కర్లేదు. మైదానంలో బంతి ఆయన చేతి నుంచి అందరి చేతుల్లోకీ వెళ్తుంది, టీ విరామంలో మాత్రం ఆయనకి బయట మట్టి ముంతలో టీ. 1911 ఇంగ్లాండు పర్యటనలో వందకి పైగా వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్సీ ఇవ్వలేదు. ఆయన తమ్ముడు విఠల్ 1923లో హిందూ జట్టుకి కెప్టెన్ అయ్యేదాకా ఆ గీత చెరగలేదు. (ఇదే బాలూ గారు 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున బాబాసాహెబ్ మీద పోటీ చేసి ఓడిపోయారు. మన చరిత్రలో ఇలాంటి చిక్కుముళ్ళు కూడా ఉన్నాయి, దాచుకోనక్కర్లేదు.)

బాలూ గారి కథలో నాకు పట్టుకున్నది ముంత కన్నా ఆ కెప్టెన్సీ. చెమట ఓడ్చడానికి ఒప్పుకున్నారు, గెలిపించడానికి ఒప్పుకున్నారు. "నువ్వు ఇక్కడ నిలబడు, నువ్వు అక్కడికి వెళ్ళు" అని చెప్పే అధికారం దగ్గర ఆగిపోయారు. అంపైర్‌ది ఆ అధికారానికి ఇంకో మెట్టు పైన. రెండు జట్లకీ చెప్పాలి, కెప్టెన్లకీ చెప్పాలి.

నా సంగతి చెప్తాను. 1990ల నడుమ, నాకప్పుడు ఇరవై లోపు. వశిష్ట ఒడ్డున ఒక ఊళ్ళో క్రికెట్ ఆడటానికి వెళ్ళేవాళ్ళం. జట్టులో నాకు చోటు ఎప్పుడోగాని దొరికేది కాదు. "ఏరా, ఖాళీగా ఉన్నావుగా, అంపైరింగ్ చెయ్" అనేవాళ్ళు. పల్లెటూరి క్రికెట్లో అంపైరింగ్ అంటే ఆడటానికి తీసుకోని వాడికి అప్పజెప్పే పని. బంతులు లెక్కపెట్టాలి, బౌలర్ టోపీ పట్టుకోవాలి, కాలవలో పడిన బంతి దిగి తీసుకురావాలి. చాకిరీ. దానికెవరికీ అభ్యంతరం ఉండదు. ఆరు నెలలు మంచి అంపైర్ననిపించుకున్నాను.

ఒక ఆదివారం రనౌట్ వచ్చింది. బ్యాటు గీతకి జానెడు బయట ఉంది. వేలెత్తాను. అవుటైనవాడు ఆ ఊరి కామందు గారి రెండో అబ్బాయి. నన్ను చూసి నవ్వాడు, నిజంగా సరదాగానే నవ్వాడు. "ఏంట్రా, నాకు అవుటిచ్చావా?" అన్నాడు. ఆ "నాకు" అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కదలకుండా క్రీజులోనే నిలబడ్డాడు. బౌలర్ తర్వాతి బంతి వేశాడు. ఆట సాగింది. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టనైనా తిట్టలేదు. నా తీర్పు అసలు జరగనట్టే ఆడుకున్నారు. ఓవరయ్యాక నేను ఆ టోపీని స్టంపు మీద పెట్టి ఇంటికొచ్చేశాను. మర్నాడు మా అమ్మ ఆ ఇంటికి ఊడుపుకి వెళ్తే "మీవాడికి పొగరెక్కిందే" అన్నారట. అమ్మ నన్నేమీ అనలేదు, కూలి డబ్బులు మాత్రం రెండు వారాలు ఆలస్యంగా వచ్చాయి.

బంతులు లెక్కపెట్టడం చాకిరీ, అవుటివ్వడం అధికారం. రెండూ ఒకే మనిషి చేసే పనులే. ఊరు మొదటిదానికి మనల్ని పిలుస్తుంది, రెండోది చేసిన రోజున మనం ఎవరమో గుర్తు చేస్తుంది.

కబడ్డీలో ఇది ఇంకా పచ్చిగా ఉంటుంది. అది తాకే ఆట. తాకితే అవుట్. అంటరానివాడని వెలేసిన మనిషి కూతకొచ్చి వేలితో తాకితే పెద్దింటి కుర్రాడు బరి బయటికి వెళ్ళి కూర్చోవాలి. ఆ తాకిడి జరిగిందని పదిమందిలో చేయెత్తి చెప్పేది అంపైర్. ఇది తమాషా పోలిక కాదు. 1991లో చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులో కూర్చున్నవాడికి తగిలిందని. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. తాకడం అన్నమాటకి మన నేల మీద అంత బరువుంది. వేలి కొసంత తాకిడిని తేల్చి చెప్పే పని మన తమ్ముడి చేతికిచ్చినప్పుడు ఆ బరువంతా వాడి భుజాన పడుతుంది, వాడికి తెలిసినా తెలియకపోయినా.

ఇప్పుడు ప్రపంచం సంగతి. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆల్మేరే పట్నంలో పిల్లల ఫుట్‌బాల్ ఆటకి లైన్స్‌మన్‌గా స్వచ్ఛందంగా నిలబడిన ఒక తండ్రిని ఎదుటి జట్టు కుర్రాళ్ళు తన్నారు. మర్నాడు చనిపోయాడు. ఆయన కొడుకు ఆ రోజు ఆడుతున్నాడు. 2023 ఏప్రిల్ 2న మన పక్క రాష్ట్రం ఒడిశాలో, కటక్ జిల్లా మహిసలంద గ్రామంలో, ఒక నోబాల్ దగ్గర మొదలైన తగువులో 22 ఏళ్ళ అంపైర్‌ని కత్తితో పొడిచి చంపారు. అదే ఏడాది డిసెంబరు 11న టర్కీ అగ్రశ్రేణి లీగులో క్లబ్ అధ్యక్షుడే మైదానంలోకి దిగి అంతర్జాతీయ రిఫరీ ముఖాన గుద్దాడు.

వీళ్ళెవరి కులమూ నేను అడగడం లేదు. విజిల్ పట్టిన ప్రతి మనిషికీ ప్రమాదం ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. తేడా ఆట అయ్యాక మొదలవుతుంది. టర్కీలో ఆ దెబ్బకి మొత్తం లీగు ఆపేశారు, వారం దాకా బంతి కదల్లేదు. ఇంగ్లాండులో 2023లో ఊరి స్థాయి రిఫరీల ఛాతీకి కెమెరాలు కట్టి చూడటం మొదలుపెట్టారు. మా తమ్ముడిని కొట్టాక పది నిమిషాల్లో ఆట మళ్ళీ మొదలైంది, వేరే విజిల్‌తో. ఊరి పక్క వీధి కుర్రాడు అంపైరై తన్నులు తింటే, మర్నాడు అతని ఇంటికి కౌలు కబురు రాదు. చేపల చెరువు మీద పని ఆగదు. కొబ్బరి దింపుకి పిలవడం మానరు. 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర గొడవకి దళితుల్ని వెలి వేసినప్పుడు చూశాం కదా, పని ఆపేయడం అనే ఆయుధం ఎంత నిశ్శబ్దంగా తగులుతుందో. దానికి రక్తం రాదు, పోలీసుకి చూపించడానికి మచ్చ ఉండదు.

అంపైర్‌ని నమ్మకపోవడం అనే జబ్బుకి అంతర్జాతీయ క్రికెట్ ఒక మందు కనిపెట్టింది. 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టు. సొంత దేశం అంపైర్ల మీద అందరికీ అనుమానమే కాబట్టి ఇమ్రాన్ ఖాన్ మూడో దేశం వాళ్ళని పిలిపించాడు. ఆ ఇద్దరిలో ఒకరు మన హైదరాబాద్ వి.కె. రామస్వామి, ఇంకొకరు బొంబాయి పిలూ రిపోర్టర్. తెలుగు నేల అంపైర్ ఒకరు ఇండియా నుంచి వెళ్ళి పాకిస్తాన్‌లో తీర్పు చెప్తే జనం ఒప్పుకున్నారు. 2002కి టెస్టుల్లో ఇద్దరు అంపైర్లూ బయటి దేశం వాళ్ళే ఉండాలన్న పద్ధతి స్థిరపడింది. సరిహద్దు అవతలి మనిషి తీర్పుని కళ్ళకద్దుకున్నవాళ్ళం, కాలవ అవతలి పేట మనిషి తీర్పుని ఎందుకు ఒప్పుకోలేకపోతున్నాం?

మన రాజమండ్రిలో 1968లో పుట్టిన జి.ఎస్. లక్ష్మి గారిని చూడండి. జంషెడ్‌పూర్‌లో పెరిగారు, ఆంధ్రకీ రైల్వేస్‌కీ ఫాస్ట్ బౌలింగ్ చేశారు. 2019 మేలో ఐసీసీ అంతర్జాతీయ మ్యాచ్ రిఫరీల ప్యానెల్లోకి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. అదే డిసెంబరులో పురుషుల వన్డేకి రిఫరీగా కూర్చున్నారు, అదీ ప్రపంచంలో ఒక మహిళకి మొదటిసారి. మ్యాచ్ రిఫరీ అంటే విజిల్ ఊదరు, వేలెత్తరు. అంపైర్‌ని బూతులు తిట్టిన ఆటగాడికి శిక్ష వేసేది ఆవిడ. అంటే అంపైర్ వెనక ఒక మనిషి ఉంటుందన్నమాట. 2017 అక్టోబరు నుంచి క్రికెట్ చట్టాల్లోనే 42వది చేర్చారు. అంపైర్‌ని కొడతానని బెదిరిస్తే నాలుగో స్థాయి తప్పు, ఆ ఆటగాడిని మిగతా ఆటంతా బయటికి పంపొచ్చు. కబడ్డీలో పచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డుకి రెండు నిమిషాలు బయట, ఎర్ర కార్డుకి ఆట నుంచే బయటికి. మన తమ్ముడి జేబులో ఆ రోజు మూడు కార్డులూ ఉన్నాయి. కార్డు ఆటగాడికి చూపిస్తాం. తాడు దాటొచ్చిన రెండొందల మందికి ఏ కార్డు చూపించాలి? లక్ష్మి గారి వెనక ఐసీసీ ఉంది. తమ్ముడి వెనక ఎవరున్నారు?

ఈ ప్రశ్న ఒక్కడిది కాదు. 2023 డిసెంబరు 26న అప్పటి ప్రభుత్వం ఆడుదాం ఆంధ్రా మొదలుపెట్టింది. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్, గ్రామ సచివాలయం స్థాయి నుంచి. రాజకీయం పక్కన పెట్టండి. మా మండలంలో నేను చూసినంతవరకు ఆ నలభై ఏడు రోజుల్లో జీవితంలో మొదటిసారి విజిల్ పట్టుకున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు. ఒకరోజు నియమాలు చెప్పారు, విజిల్ ఇచ్చారు, బరిలో నిలబెట్టారు. గొడవైతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

అందుకని మేం, అంటే రెండు జిల్లాల్లో పాతికేళ్ళుగా విజిల్ పట్టినవాళ్ళం, దెబ్బలు తిని నేర్చుకున్నది కొంత ఇక్కడ రాస్తున్నాను.

ఒంటరిగా వెళ్ళకండి. పోటీకి పిలిస్తే ఇద్దరం వస్తాం అని చెప్పండి, రెండో మనిషి ఫీజు తగ్గించుకునైనా. సొంత మండలంలో పండగ ఫైనల్‌కి ఒప్పుకోకండి, ముఖ్యంగా ఇంట్లోవాళ్ళ కౌలు, కూలి ఆ ఊళ్ళో ఉంటే. ఆ ఒక్కటి మా తమ్ముడికి నేను ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, అది నా తప్పే. ఫీజు ఆట మొదలవకముందే తీసుకోండి. ఇది డబ్బు మీద ఆశ కాదు, ఆట మధ్యలో "డబ్బులు ఎవరిస్తారనుకుంటున్నావ్" అన్న మాట రాకుండా. పోలీసు అనుమతి కాగితం చూపించమని నిర్వాహకుల్ని అడగండి. బరికీ జనానికీ మధ్య తాడు కాదు, వెదురు కట్టించండి. తాడుని కాలితో తొక్కేస్తారు, వెదురు దాటడానికి ఒక క్షణం ఆలోచించాలి, ఆ క్షణం చాలు. మొదలవకముందే స్కోరు షీటు మీద ఇద్దరు కెప్టెన్ల సంతకాలు. ఫోన్ ఒకటి స్కోరరు బల్ల మీద మొదటి నుంచి చివరిదాకా రికార్డు అవుతూ ఉండాలి. బైకు దారి వైపు తిప్పి పెట్టాలి. ఆటయ్యాక మందు పార్టీకి "రండి మాస్టారూ" అని పిలుస్తారు, వెళ్ళకండి. గొడవలు సగం అక్కడే పుడతాయి.

మీద పడితే? మాటకి మాట అనకండి. స్కోరు షీటు చేతికి తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళండి. ఆట ఆపేశానని రాయండి, టైము రాయండి. తీర్పు మార్చకండి. ఒకసారి మారిస్తే ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ మీ చెయ్యికి విలువ ఉండదు.

కులం పేరుతో తిడితే అది ఆట గొడవ కాదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్): పదిమంది చూసే చోట అవమానించడం, కులం పేరుతో దూషించడం. నాలుగ్గోడల మధ్య తిడితే ఈ సెక్షన్ నిలవదని 2020లో సుప్రీంకోర్టు ఒక ఉత్తరాఖండ్ కేసులో చెప్పింది. కబడ్డీ బరికి గోడల్లేవు, చుట్టూ జనమే, సగంమంది చేతుల్లో ఫోన్లు. ఇంతకన్నా పదిమంది చూసే చోటు ఇంకెక్కడుంది? పని మానిపిస్తామని, కౌలు తీసేస్తామని బెదిరిస్తే అదే సెక్షన్‌లో (జెడ్‌సీ), సామాజిక, ఆర్థిక బహిష్కరణ. కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ అంటూ తిప్పడానికి వీల్లేదని 18ఎ చెప్తుంది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి.

ఇక్కడ ఒక ముల్లుంది, అది డెల్టాలోనే ఎక్కువ గుచ్చుకుంటుంది. మనకి విజిల్ ఇచ్చింది మిషన్ బడి అని పైన రాశాను. ఆ బడి వెంటే చర్చి కూడా వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్ళిన దళితుడు చట్టం లెక్కలో ఎస్సీ కాదు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ తలుపు తీశారు, క్రైస్తవులకి తీయలేదు. 2025లో మన హైకోర్టు గుంటూరు జిల్లాకి చెందిన ఒక పాస్టర్ గారి కేసులో, మతం మారిన వ్యక్తి ఈ చట్టం కింద రక్షణ అడగలేడని చెప్పి కేసు కొట్టేసింది. కాబట్టి ఆదివారం చర్చికి వెళ్ళే మన అంపైర్‌ని సోమవారం బరిలో కులం పేరుతో తిడితే, తిట్టినవాడికి ఆ కులం గుర్తుంది, చట్టానికి గుర్తులేదు. తిట్టేవాడెవడూ నీ బాప్తిస్మ పత్రం చూసి తిట్టడు. అలాంటి తమ్ముళ్ళకి నేను చెప్పేది, కొట్టడం, బెదిరించడం మీద మామూలు సెక్షన్ల కింద కేసు ఎలాగూ ఉంటుంది, దెబ్బ తగిలిన రాత్రే ఆసుపత్రికి వెళ్ళి రాయించుకోండి. ఊరి పెద్దలు "పొద్దున్న చూద్దాం" అంటారు. పొద్దున్నకి రక్తం ఆరిపోతుంది, సాక్షులూ ఆరిపోతారు.

ఇంత గొడవ దేనికి, మానేస్తే పోలేదా? తమ్ముడు అడిగింది కూడా అదే. "నాకేం మిగిలింది అన్నా, 800 రూపాయలు కూడా మిగల్లేదు."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాకు విజిల్ నేర్పిన మాస్టారు గుర్తొచ్చారు. మిషన్ బడిలో వ్యాయామం టీచరు, మా పేటవారే, పోయి పన్నెండేళ్ళయింది. ఒక టోర్నమెంట్‌లో ఆయన ఎర్ర కార్డు చూపిస్తే పెద్దింటి కుర్రాడు తలొంచుకుని బయటికి నడిచి వెళ్ళడం నేను చూశాను. ఏ గొడవా జరగలేదు. జనం కూడా కిక్కురుమనలేదు, ఎందుకంటే ఇరవై ఏళ్ళలో ఆయన ఒక్క తీర్పు కూడా ఎవరి మొహం చూసి మార్చలేదని రెండు మండలాలకీ తెలుసు. ఆ సాయంత్రం సైకిల్ మీద ఇంటికొస్తూ అడిగాను, భయం వెయ్యలేదా మాస్టారూ అని. "వేసిందిరా. కార్డు తీసేటప్పుడు చెయ్యి వణికింది. జేబులోంచి నెమ్మదిగా తీస్తే వణుకు కనపడదు" అన్నారు.

నేనూ ఇప్పటికీ నెమ్మదిగానే తీస్తాను.

తమ్ముడికి ఈ మాట చెప్పాను. ఏమీ అనలేదు. వాళ్ళ నాన్న కౌలు సంగతి మేం నలుగురం వెళ్ళి మాట్లాడాం. ఇంకా తేలలేదు, తేలాక రాస్తాను. బెదిరింపు మాటలున్న ఫోన్ రికార్డింగు మా దగ్గర ఉందని ఆ పెద్దమనిషికి తెలుసు, అంతవరకు చెప్పగలను. చొక్కా చిరిగిన చోట వాళ్ళమ్మ కుట్టింది.

మొన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. మార్చిలో పశ్చిమ వైపు ఆడపిల్లల కబడ్డీ ఉంది, అంపైర్లు కావాలన్నారు. వస్తావా అని అడగడానికి నాకే మొహమాటంగా ఉంది. వాడే అడిగాడు. "వెదురు కట్టిస్తున్నారా అన్నా? రెండో అంపైర్ ఎవరు?"

వచ్చే వారం లంక భూములు.

జై భీమ్.